గృహకృత్యములు: ఇంటి చెత్తను వేఱుపఱచుట



గత మాసమున ఊరగాయ జాడీలను గూర్చి వ్రాసినపుడు, ఈ మాసము పట్టుచీరలను భద్రపఱచు విధమును వ్రాయుదునని మాట యిచ్చితిని. ఆ మాట తప్పుచున్నందులకు మన్నింపుడు. పట్టుచీరలు పెట్టెలోనే యున్నవి. మఱియొక మాసము తాళగలవు. ఈలోపల మా యింట జరిగిన యొక చిన్న సంగతి నాకు నిదురపట్టనీయక కలము చేత బట్టించినది.

మా వీథికి ప్రతిదినము ఉదయము ఏడు గంటలకు చెత్తబండి వచ్చును. దానితో వచ్చు నామె నడివయసు దాటినది. మా పిల్లలామెను ‘బండి మామ్మ’ యందురు. ఈల వినబడగానే బుట్టను తెచ్చి యరుగుమీద బెట్టుదుము. ఆమె యెత్తి బండిలో గ్రుమ్మరించుకొని పోవును. మాకును నామెకును గల సంబంధ మింతియే. రెండు నెలల క్రిందట నామె మూడు దినములు రాలేదు. నాలుగవనాడు కుడిచేతికి కట్టుతో వచ్చినది. “ఏమమ్మా, చేతి కేమయింది?” అని యడిగితిని. “గాజుపెంకు దిగిందమ్మా. ఎవరో కాయితంలో చుట్టి కూరతొక్కల్లో వేశారు. ఆరు కుట్లు పడ్డాయి” అన్నది. ఎవరింటిదో యామె యనలేదు. తెలియదు కాబోలు ననుకొంటిని. నాకు మాత్రము తెలిసినది. అంతకు ముందు నాలుగు దినముల క్రిందట మా పెద్దవాడు గాజుగ్లాసు జారవిడువగా, చేతికందిన కాగితములో నా పెంకులను చుట్టి, వంకాయ తొడిమలతోపాటు బుట్టలో వేసినదానను నేనే.

కాగితములో చుట్టితిని గదా, జాగ్రత్తపడితిని గదా యని నాటి నా భావము. ఆ జాగ్రత్త నా చేతికొఱకు, మా బుట్టకొఱకు. తడిసిన కాగితము చినుగునని యెఱుగనిదానను గాను. అయినను ఆ పొట్లము మా గడప దాటిన పిమ్మట నెవరి వ్రేళ్ళ నడుమ విప్పబడునో తలచుకొనలేదు. ఆనాడు “అది నాదే” యని చెప్పుటకు నోరు రాలేదు. పది రూపాయలు చేతిలోబెట్టి లోపలికి వచ్చితిని. ఆ పది రూపాయలు తలచుకొన్న నిప్పటికిని సిగ్గగుచున్నది.

మావారు ఉపాధ్యాయులు. బడిలో పిల్లలకు చెప్పవలసిన పాఠముకొఱకు ఈ చెత్త నియమముల ప్రతిని తెచ్చుకొనియుండిరి. దానిని నేను వంటయింట కూర్చుండి ఆసాంతము చదివితిని. నియమములనగా ప్రభుత్వమువారు తమంత తాము వ్రాసికొన్నవని నేననుకొనెడిదానను. ఇవి యొక స్త్రీ పట్టుదలవలన పుట్టినవని తెలిసి సంతోషించితిని. అల్మిత్రా పటేల్ అను ఇంజనీరు, బెంగుళూరు నివాసిని, నగరముల చెత్తను ఊళ్ళ వెలుపల దారుల వెంబడి పోయుటను చూచి సహింపలేక 1996లో సుప్రీముకోర్టు నాశ్రయించెను. ఆ వ్యాజ్యము ఫలితముగా 2000 సంవత్సరమున దేశమున కంతటికిని పురపాలక చెత్త నియమములు వచ్చినవి. 2016 ఏప్రిలులో వానిని మార్చి, చెత్తను వేఱుపఱచు బాధ్యత చెత్తను పుట్టించువారిదే యని, అనగా మనదే యని, స్పష్టముగా వ్రాసిరి. మరల 2026 జనవరిలో క్రొత్త నియమములు ప్రకటింపబడి, ఆ సంవత్సరము ఏప్రిలు 1వ తేది మొదలు అమలులోనికి రావలెనని నిర్ణయింపబడినది.

ఈ క్రొత్త నియమములప్రకారము ఇంటి చెత్త నాలుగు తెఱగులు. తడిచెత్త, పొడిచెత్త యను మాటలు మనకు పాతవే. హైదరాబాదులో 2015లోనే ఇంటింటికి ఆకుపచ్చనిదొకటి, నీలిదొకటి బుట్టలు పంచిరి. ఆంధ్రప్రదేశ్ పట్టణములలో 2021లో వానికి తోడు ఎఱ్ఱబుట్ట నొకదానిని చేర్చిరి. తడిచెత్త యనగా కూరతొక్కలు, మిగిలిన యన్నము, వడిలిన పూవులు, విస్తరాకులు, కుళ్ళి మన్నగునట్టివన్నియు. పొడిచెత్త యనగా కాగితము, ప్లాస్టిక్కు, లోహము, గాజు, కొయ్య, రబ్బరు. మూడవది దేహశుద్ధికి సంబంధించినది: పసిపిల్లల డైపర్లు, నెలసరి ప్యాడ్లు మొదలైనవి. నాలుగవది ప్రత్యేకముగా చూడవలసినది: మాడిన బల్బులు, పాదరసపు థర్మామీటర్లు, రంగు డబ్బాలు, కాలము చెల్లిన మందులు. పెద్ద పెద్ద అపార్టుమెంటులకు, హోటళ్ళకు, దినమునకు వంద కిలోలు మించి చెత్త వచ్చు తావులకు ఇంకను బరువైన బాధ్యతలు గలవు. వానిని వదలి మన వంటయింటికే వత్తము.

నాలుగు బుట్టలు కొని తెచ్చిననాడు మా యత్తగారు ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. “చెత్తకు కూడా వర్ణాశ్రమాలా!” అని నవ్విరి. మఱునాడు నేను పాలపొట్లములను కడిగి తీగెపై నారవేయుచుండగా చూచి, “చెత్తను కడిగి ఆరబెట్టడం నా డెబ్బయి ఏళ్ళలో చూడలేదే తల్లీ! నీళ్ళేం ఉచితంగా వస్తున్నాయా?” అని మందలించిరి. నేను బదులాడలేదు. పెద్దవారితో వాదించి గెలిచిన కోడలు ఓడినట్లే. సాయంకాలము వారి తలకు నూనె రాయుచు, “అత్తయ్యగారూ, మీరు కాపురానికి వచ్చిన క్రొత్తలో చెత్త ఏం చేసేవారు?” అని యడిగితిని. వారు చెప్పనారంభించిరి. బియ్యపు కడుగునీరు, కూరతొక్కలు, మిగిలిన గంజి కుడితితొట్టికి. పొయ్యిలోని బూడిద యంట్లగిన్నెలు తోముటకు. పేడ, ఊడ్చిన యాకులు పెరటిలోని పెంటకుప్పకు. ఏటికొకమారు బండ్లతో పొలమునకు. చినిగిన చీరలు బొంతలకు. సొట్టపడిన యిత్తడి మాటువేయు వానికి. పూర్తిగా చెడినది మార్పునకు. పగిలిన కుండపెంకులు గోడలో. వ్రేళ్ళతో లెక్కపెట్టుచు వచ్చి ఆఱవ వ్రేలికడ నాగిరి. “అయితే మేం ఆరు రకాలు చేసేవాళ్ళమన్నమాట” అని వారే యనిరి. నాటినుండి పాలపొట్లము కడుగుట వారి పని. కడిగిన నీరు తులసికోటకు పోవుచున్నది.

నేను మా నాన్నగారి యొద్ద చదువుకొన్న నాళ్ళలో అర్థశాస్త్రములో నాగరికుని యధికారమును చదివియుంటిని. వీథిలో దుమ్ము, చెత్త పోసినవానికి పణములో నెనిమిదవ వంతు దండనమనియు, బురదనీటితో దారి నడ్డగించినవానికి పాతిక పణమనియు, అదియే రాజమార్గమైన దండనము రెట్టింపనియు కౌటిల్యుడు విధించెను. అప్పుడు దానిని వ్యాకరణముకొఱకు చదివితిని. సమాసములు విడదీసి నాన్నగారి మెప్పు పొందితిని. ఇప్పుడు చూడగా 2016 నియమములలోను అదే మాట యున్నది: చెత్తను వీథిలోగాని, కాలువలోగాని, చెఱువులోగాని వేయరాదు, కాల్చరాదు, పూడ్చరాదు, వేసినచో నక్కడికక్కడ జరిమానా.

ఇక తడిచెత్తను గూర్చి కొంచెము విస్తరించి వ్రాసెదను. ఏలయన మన దేశపు ఇండ్ల చెత్తలో ఇంచుమించు సగభాగ మదియే. దీనిని ఇంటనే మన్నుగా మార్చుకొన్నచో బండికిచ్చు చెత్త సగమగును. పెరడు లేనివారికిని సాధ్యమే. మాకును పెరడు లేదు, మేడపై నాలుగడుగుల చోటున్నది. రెండు పెద్ద మట్టికుండలు తీసికొనుడు. అడుగునను ప్రక్కలను చిన్న చిన్న రంధ్రములు చేయింపుడు. అడుగున నెండుటాకులు గాని, కొబ్బరిపీచు పొడి గాని నాలుగంగుళములు పఱచి, దానిపై నానాటి తొక్కలను సన్నగా తఱిగి వేసి, మరల గుప్పెడు ఎండుటాకులతో కప్పవలెను. మొదటి మారు కొంచెము పుల్లమజ్జిగయో, పాత యెరువు పిడికెడో చల్లిన త్వరగా పులియును. మూడు నాలుగు దినముల కొకమారు కఱ్ఱతో కలియబెట్టవలెను. గాలి తగులుటయే దీనిలోని కీలకము. పిడికిట పట్టి నొక్కిన పిండిన గుడ్డవలె తడి తగులవలెను గాని నీరు కారరాదు. దుర్వాసన వచ్చినచో తడి యెక్కువయినదని యర్థము. ఎండుటాకులు రెట్టింపు వేయుడు. ఏమియు మార్పు లేక యట్లే యున్నచో పొడిబారినదని యర్థము, నీళ్ళు చిలకరింపుడు. లోపల వేడి పుట్టిన భయపడకుడు. అది సూక్ష్మజీవుల పని. మంచి కుప్పలో యాబది యైదు, అఱువది డిగ్రీల వఱకు వేడి పుట్టును. తెల్లని పురుగులు కనబడినను అవి హాని చేయునవి గావు. మొదటి దినమున చూచి నేను కుండను దింపి పరుగెత్తుకొని వచ్చితిని, ఇప్పుడలవాటయినది. నూనె, మాంసము, పాలు విరివిగా వేయకుడు. నిమ్మతొక్కలు రాశిగా వేయకుడు. ఒక కుండ నిండగానే మూసియుంచి రెండవది మొదలిడవలెను. రెండు మూడు నెలలకు మొదటిదానిలో నల్లని మన్ను తయారగును. దాని వాసన తొలకరి వాసన. మా కనకాంబరములకు నదియే వేయుచున్నాను.

ఇంత శ్రమ యేల, బండివారు కొనిపోవుచున్నారు గదా యని కొందఱు సోదరీమణు లందురు. కొనిపోయి యెక్కడ పోయుదురో చూడవలెను. కుప్పగా పోసినచో అడుగుననున్న తడిచెత్తకు గాలి సోకదు. గాలి లేక కుళ్ళినపుడు మీథేను అను వాయువు పుట్టును. అది మండెడి వాయువు. భూమిని వేడెక్కించుటలో నూఱేండ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువునకు ఇరువది యెనిమిది రెట్లు ప్రబలమని శాస్త్రజ్ఞుల గణన. 2023 మార్చిలో కొచ్చి నగరమునకు చేరువనున్న బ్రహ్మపురము చెత్తకుప్ప యంటుకొని పండ్రెండు దినముల వఱకు పొగలు గ్రక్కగా, నగరవాసులు తలుపులు మూసికొని కూర్చుండవలసి వచ్చినది, బడులు మూసిరి. 2017 సెప్టెంబరు 1వ తేదిన ఢిల్లీలోని ఘాజీపురము చెత్తకొండ వానకు విఱిగిపడి యిద్దఱు మరణించిరి. ఆ కొండ యందఱి వంటయిండ్ల నుండియు దినమున కొక బుట్టచొప్పున పెరిగినదే.

పొడిచెత్తలో కాగితము, ఇనుము, అట్టలు పాతసామాను కొనువాడు కొనును. మన యిండ్లలో నవి వృథాపోవుట యరుదు. అల్యూమినియమును కరగించి మరల పోతపోయుటకు, గనినుండి క్రొత్తగా తీయుటకు పట్టెడి శక్తిలో నిరువదవ వంతు చాలునట. కావున పాత సొట్టగిన్నెను పారవేయువారు బుద్ధిహీనులు. చిక్కంతయు ప్లాస్టిక్కుతోనే. సీసాల యడుగున మూడు బాణముల ముక్కోణము నడుమ నొక యంకె యుండును, చూచితిరా? నీళ్ళసీసాకు 1, గట్టి డబ్బాలకు 2, పాలపొట్లములవంటి పల్చని పొరలకు 4, మూతలకు తఱచుగా 5. ఈ నాలుగిటిని మరల వాడుకకు తెచ్చుట సులభము. పిల్లలు తిను చిప్సు పొట్లములున్నవే, అవి పొరపై పొర యంటించినవి, విడదీయుట కష్టము. అందుచేత వానిని చాలవఱకు సిమెంటు కర్మాగారములలో నింధనముగా కాల్చుదురు. కొనకుండుటయే వానికి మందు. కాని మా చిన్నవానికి ఆ మాట చెప్పుటకంటె కర్మాగారము వారితో వేగుట సులభమేమో!

పాలపొట్లమును కత్తిరించు నపుడొక చిన్న జాగ్రత్త. మూలను పూర్తిగా తెంపివేయక, అంటుకొనియుండునట్లు కోయుడు. తెగిన యా చిన్నముక్క లెవరికిని దొరకవు. కాలువలోనికో, వీథిలోని యావు కడుపులోనికో పోవును. ఆవు కడుపులో చేరిన ప్లాస్టిక్కు జీర్ణము గాదు, బయటికి రాదు. తెల్లవారగానే గోవునకు అరటిపండు పెట్టి నమస్కరించి, మధ్యాహ్నము తడిచెత్తను ప్లాస్టిక్కు సంచిలో కట్టి వీథిచివర విసరువారిని నేను చూచియున్నాను.

2022 జూలై 1వ తేది నుండి కొన్ని వస్తువులను దేశమంతట నిషేధించిరి: ప్లాస్టిక్కు పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు, గొట్టములు, అలంకారపు థర్మోకోలు, మిఠాయిపెట్టెలపైని, శుభలేఖలపైని చుట్టెడి పల్చని పొరలు. చేతిసంచులు నూటయిరువది మైక్రానులకు తగ్గియుండరాదని 2022 డిసెంబరు 31వ తేది నుండి నియమము. కూరలవాడు నేటికిని ఉల్లిపొరవంటి సంచి యిచ్చుచునే యున్నాడు. వానిని నిందించి లాభము లేదు. గుడ్డసంచి తీసికొనిపోక చేతులూపుకొనుచు పోవువారము మనమే గదా.

మా మేనకోడలు భర్తతో జర్మనీ దేశమున నున్నది. కాపురమునకు పోయిన క్రొత్తలో నామె, “అత్తయ్యా, ఇక్కడి భాషకంటె చెత్త నేర్చుకోవడం కష్టం” అని వ్రాసినది. ప్యాకింగు వస్తువులకు పసుపుపచ్చని తొట్టి, కాగితమునకు నీలము, ఆహారశేషమునకు గోధుమవన్నె, మిగిలినదానికి వేఱొకటి. గాజుసీసాలను ఇంటివద్ద తీసికొనరు. తెల్లవి, ఆకుపచ్చవి, గోధుమవన్నెవి యని రంగులవారీగా వీథిలోని పెద్ద తొట్లలో వేసిరావలెను. అదియు ఆదివారము నాడు కూడదు, చప్పుడగునట! నీళ్ళసీసా కొన్నపుడు ఇరువదియైదు సెంట్లు అదనముగా చెల్లించి, ఖాళీసీసాను దుకాణములోని యంత్రమున కిచ్చి తిరిగి తీసికొందురు. ఈ పద్ధతి 2003 నుండి యున్నది. మన చిన్నతనమున సోడాసీసా తిరిగి యిచ్చిన బయానా చేతికి వచ్చెడిది గదా. ఆ బుద్ధి మనకు క్రొత్తది గాదు.

మూడవ తెఱగు చెత్తను గూర్చి వ్రాయుటకు మొదట సంకోచించితిని. కాని స్త్రీల పత్రికలో స్త్రీలకు నేను చెప్పకున్న నెవరు చెప్పుదురు? మన తల్లులు వాడిన వస్త్రములను ఉతికి యెండవేసికొనిరి. ఇప్పుడు మన యాడపిల్లలు వాడుచున్న ప్యాడ్లలో ప్లాస్టిక్కు పాలెక్కువ. అవి మన్నులో కలియవు, పాయఖానాలో వేసిన గొట్టములు పూడిపోవును. నల్లసంచిలో దాచి తడిచెత్త యడుగున పెట్టుట సిగ్గునకు మందు కావచ్చును. ఆ సంచిని విప్పి వట్టిచేతులతో వేఱుచేయవలసినది యెవరు? ఆమెయు మనవంటి స్త్రీయే. కాగితములో గట్టిగా చుట్టి, విడిగా నిచ్చిన చాలును. చుట్టి పడవేయుటకు కవరు నియ్యవలసిన బాధ్యత తయారుచేయువారిదని 2016 నియమములే చెప్పినవి. మరల మరల ఉతికి వాడుకొను గుడ్డప్యాడ్లు, సిలికాను కప్పులు నిప్పుడు దొరకుచున్నవి. నా మాట వినని మా యాడబిడ్డ కూతురు, తన స్నేహితురాలు చెప్పగానే గుడ్డవానికి మారినది. ఎవరు చెప్పిననేమి!

నాలుగవదానిలో మా యింటికి ముఖ్యమైనది మామగారి మధుమేహపు సూదులు. దినమునకు రెండు. వానిని నేను తొడుగు బిగించి పొడిచెత్తలో వేయుచుంటిని. తొడుగు జారుట కెంతసేపు? ఇప్పుడు మందమైన ప్లాస్టిక్కు డబ్బా యొకటి, మూతకు కన్నము పెట్టి, వారి మంచముప్రక్క నుంచితిని. నిండిన పిమ్మట మూత నంటించి యిచ్చుచున్నాను. మాడిన ట్యూబులైటులోను, పొడుగుబల్బులోను స్వల్పమైనను పాదరసముండును. పగులగొట్టక నిలువుననే యియ్యవలెను. గోడగడియారపు బ్యాటరీలపై చెత్తబుట్టను కొట్టివేసిన గుర్తు నచ్చొత్తియుందురు. బుట్టలో వేయరాదని దాని భావము. పాత సెల్‌ఫోనులు, చెడిన మిక్సీలు మొదలైనవానిని తిరిగి తీసికొని రీసైకిల్ చేయించు బాధ్యతను 2023 ఏప్రిలు 1 నుండి అమలైన నియమములు తయారీదారులపై నుంచినవి. దుకాణమున నడుగుడు, అడుగనిదే చెప్పరు.

ఇంత చేసిన పిమ్మట నాకొక ఘోరమైన యనుభవ మయినది. నాలుగు బుట్టలను వరుసగా పెట్టి, గర్వముగా గుమ్మమున నిలుచుంటిని. బండి తోలువాడు దిగివచ్చి, నాలుగిటిని నొక్క నిమిషములో నొకే యఱలో గ్రుమ్మరించెను. నా కన్నుల నీరు తిరిగినది. “బండికి ఒకటే అర ఉందమ్మా, నన్నేం చెయ్యమంటారు?” అనెను. వాని మాట నిజమే. వేఱుగా నిచ్చినదానిని వేఱుగానే కొనిపోవుట పురపాలకుల విధి. ఆ సాయంకాలము మా వీథిలోని పదునొకండుగురము స్త్రీలము సంతకములు చేసి యర్జీ వ్రాసితిమి. మొదటి యర్జీకి జవాబు లేదు. రెండవదానికి గుమాస్తా యొకడు వచ్చి చూచి పోయెను. మూడవదానికి బండినడుమ రేకుపలక యమర్చి రెండఱలు చేసిరి. నాలుగు కావలసినచోట రెండు వచ్చినవి.

ఇది జరుగని పని యని యెవరైన ననిన నేను సూర్యాపేట పేరు చెప్పుదును. ఇంచుమించు లక్ష జనాభా గల యా పట్టణము, 2003 నాటికే వీథి చెత్తకుండీలు లేని యూరుగా దేశమున పేరుకెక్కినది. ఇంటింట రెండు బుట్టలు, దినదినము ఇంటివద్దనే సేకరణ, తడిచెత్తనుండి వానపాముల యెరువు, పొడిచెత్త యమ్మకము: ఇంతకు మించిన మంత్రము లేదు. ఇందూరు నగరమున నిప్పుడు ఆఱు తెఱగులుగా వేఱుచేయుదురు. అక్కడి తడిచెత్తతో దినమునకు యైదువందల యాబది టన్నుల నుపయోగించి వాయువును తీయు కర్మాగారమును 2022 ఫిబ్రవరిలో ప్రారంభించిరి. చెత్త కలసిపోయినచో నా కర్మాగారము నడువదు. అక్కడి యిల్లాండ్రు మనకంటె చదువరులు గారు.

మాఘమున పెండ్లిండ్లున్నవారికొక మాట. నూఱుగురికి మించి జనము గుమిగూడు వేడుకను లైసెన్సు లేని స్థలమున చేయదలచినవారు, మూడు పనిదినములు ముందుగా స్థానిక సంస్థకు తెలుపవలెననియు, చెత్తను వేఱుచేసి యప్పగింపవలెననియు 2016 నియమములలో వ్రాసిరి. మా యాడబిడ్డ కూతురి పెండ్లికి మేమట్లు తెలిపితిమి. మూడుసార్లు వడ్డన, ఆఱువందల విస్తళ్ళు. అరటియాకులను వేఱుగా పోగుచేయించి గోశాల కంపితిమి. నీళ్ళకు స్టీలుగ్లాసులు పెట్టినందులకు వియ్యపురాలు, “గ్లాసులు తోమించుకుంటారా పెళ్ళిలో?” అని మొగము చిట్లించిరి. తోమించుకొంటిమి. మఱునాటి యుదయము మండపము వెలుపల నొక్క కాగితపు గ్లాసైనను దొరలుట లేదు.

పోయిన వారము మా యింట దీపపు చిమ్నీ పగిలినది. పెంకులను పాత రేకుడబ్బాలో వేసి, మూత బిగించి, పైన పెద్ద యక్షరములతో ‘గాజు, జాగ్రత్త’ యని వ్రాసి, బండి మామ్మ రాగానే చేతికిచ్చితిని. ఆమె డబ్బాను త్రిప్పి త్రిప్పి చూచి, “ఏం రాశావమ్మా? నాకు చదువు రాదు కదా” అన్నది. నాకు మాట రాలేదు. “ఎర్రగుడ్డ పేలిక కట్టమ్మా. మా అందరికీ తెలుస్తుంది” అని తానే యుపాయము చెప్పినది. నాడు చెప్పలేనిది నేడు చెప్పితిని: “మామ్మా, ఆనాడు నీ చేతికి గుచ్చుకొన్న గాజు మా యింటిదే.” ఆమె నవ్వి, “తెలుసమ్మా. ఆ కాయితం నిండా మాస్టరుగారి ఎర్రసిరా దిద్దుళ్ళు. ఈ వీధిలో ఇంకెవరింట్లో ఉంటాయి?” అన్నది. ఇంతకాలము తెలిసియే ‘ఎవరో’ యని యూరకున్నది.

మా యత్తగారు పాత ఎఱ్ఱచీర చింపి పేలికలు చేసి, డబ్బాల ప్రక్కన మేకునకు తగిలించిరి. మా వీథిలో నిప్పుడు తొమ్మిది యిండ్లవారు గాజునకును, సూదుల డబ్బాలకును ఎఱ్ఱపేలిక కట్టుచున్నారు. మిగిలిన యిండ్లకు దసరా లోపల నేను స్వయముగా పోయి చెప్పవలసియున్నది. మీ యూళ్ళలో గుర్తుకొఱకేమి కట్టుచున్నారో నాకు వ్రాయుడు.

పట్టుచీరల సంగతి వచ్చే మాసము.